రెండు సీట్ల బండి

గేటు కర్రకూ బండి మూతికీ మధ్య జానెడు సందుంది. జానెడైనా ఉందో లేదో. పిల్లమ్మ కూర్చున్న చోటి నుంచి చూస్తే ఆ ఎరుపు తెలుపు పట్టీల కర్ర వచ్చి తన ఒళ్ళో పడేటట్టే ఉంది. "గేటూ!" అని తాను పెట్టిన కేకకు గొంతు ఇంకా మండుతోంది. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడు నరసింహప్ప మీద అంత గట్టిగా అరిచిన గుర్తు లేదు. అరవకపోతే ఆపేవాడా? ఆపేవాడేమో. గేటు ఎప్పుడో కనిపించి, బాగా దగ్గరికొచ్చి ఠక్కున ఆపుదామనుకున్నాడేమో. మగవాళ్ళకు ఇట్లాంటి సరదాలుంటాయి కదా, పాతికేళ్ళప్పుడు సైకిలు మీద చేసిన పని షష్టిపూర్తి దగ్గరపడ్డాక ఇంగ్లీషు బండి మీద చేశాడేమో. కాదు, కాదు. ఆయన కాలు బ్రేకు మీద పడింది కేక తర్వాతే. ముందు కేక, తర్వాత కాలు. లేక కాలే ముందు పడిందా, ఆ కుదుపుకు తాను అరిచిందా? ఇప్పుడే జరిగిన సంగతి, అప్పుడే కలగాపులగమైపోయింది. ఆయన ఇంజను ఆపేసి, స్టీరింగు రెండు చేతులా పట్టుకొని, ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. ఎదురుగా చూడడానికి మాత్రం ఏముంది, హూడి గేటుకు అడ్డంగా బొగ్గు గూడ్సు నిలబడి ఉంది, సిగ్నల్ లేదంట, గంటైనా పడుతుందని గేటాయన బీడీ ముట్టించుకుంటూ చెప్పిపోయాడు. గేటు దాటితే పిల్లమ్మ తమ్ముడు రామాంజినప్ప ద్రాక్షతోట. మధ్యాహ్నం అక్కడ భోజనం. రేపు నంది కొండకు పోదామంటున్నాడు ఈయన, ఈ బండిలోనే, ఆ మలుపుల మీదనే. ఈ గేటు ఎత్తేలోగా పిల్లమ్మ ఏదో ఒకటి తేల్చుకోవాలి. నోరు విప్పాలా, మూసుకోవాలా? విప్పితే ఏమని విప్పాలి?

గుడికి పోయి వస్తున్న బండి. నాలుగు చక్రాలకూ పసుపు కుంకుమలు, ముందు బంతిపూల దండ, మూతికి విభూతి పట్టెలు. ముదురు ఆకుపచ్చ రంగు బండికి ఈ అలంకారమంతా చేశాక, సూటు వేసుకున్న దొరగారికి బాసికం కట్టినట్టు అయిందని పొద్దున పిల్లమ్మకు నవ్వొచ్చింది. పైకప్పు లేదు. ఉందంట, గుడ్డది, వెనక్కి మడిచి పెట్టాడు. తలుపులు మోకాలెత్తుకు మించి లేవు. ఉన్నవి రెండే సీట్లు. రెండంటే రెండే. కబ్బన్‌పేట వఠారంలో, పన్నెండు కాపురాలు ఒకే కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకునే చోట, బండి వచ్చిందని తెలియగానే అందరూ ముందు అడిగింది ఎంతమంది పడతారని. ఇద్దరే అని చెబితే వాళ్ళు పిల్లమ్మ మొహం వైపు జాలిగా చూశారు. ఇంత చేసి ఇద్దరికేనా అన్న చూపు అది. వఠారం సందులోకి బండి రాదు, సంపంగిరామనగరంలో ఒకరి షెడ్డు అద్దెకు తీసుకొని పెట్టారు. ఇంటాయన ఒక చోట, ఆయన ప్రాణం ఇంకో చోట. పొద్దున్నే లేచి స్నానం చేసి, కాఫీ కూడా తాగకుండా షెడ్డుకు పోయి, బండిని తుడిచి, ఇంజను ఒకసారి విని, వచ్చి కాఫీ తాగుతాడు. కట్టుకున్నదాన్ని ఇట్లా ఒక్కసారి చూసుకొని ఉంటేనా అని కూతురు సుశీల కోలారు నుంచి వచ్చినప్పుడల్లా దెప్పుతుంది. ఆ అమ్మాయికి తెలియదు. చూసుకోవడం గురించే కదా గొడవంతా.

జనం చేరారు. గేటు పడితే ఎట్లాగూ జనం చేరతారు, ఇవాళ వాళ్ళకు చూడడానికి ఒక వింత కూడా దొరికింది. వెనక నిలబడ్డ లారీ నుంచి డ్రైవరు దిగి వచ్చాడు, మల్లెపూల బుట్టలున్న సైకిలాయన వచ్చాడు, బస్సు కిటికీల్లో తలలు మొలిచాయి. "సార్, ఇది యా దేశం బండి?" "ఇంగ్లండుది." "లీటరుకు ఎంతిస్తాది సార్?" దేశంలో ఏ బండిని చూసినా మనవాళ్ళకు ముందొచ్చే ప్రశ్న ఇది, దేవుడి రథాన్ని చూసినా ఇదే అడుగుతారు. "ఇంత తగ్గున ఉండాదే, గుంతలో దిగితే మళ్ళా పైకొస్తాదా?" "వచ్చినాది కదప్పా, మద్రాసు నుంచి వచ్చినాది." లారీ డ్రైవరు బానెట్టు మీద వేలితో మెల్లగా తట్టి, "పాతది కదా సార్, ఒకసారి ఆపితే మళ్ళా స్టార్ట్ అయితాదా?" అన్నాడు. అంతే, ఇంతసేపూ పలకని మనిషికి ప్రాణం లేచొచ్చింది. "ఒక్క తిప్పుకు! ఒక్క తిప్పుకు కాకుంటే నన్ను అడుగు. పదైదేండ్లు ఇంగ్లండులో గుడ్డ కప్పి పెట్టింటే, తీసిన పూట ఒక్క తిప్పుకు స్టార్ట్ అయినాదంట. ఈ ఇంజనుకు దోషం అనేదే లేదప్పా." ఆయనను ఏమన్నా పడతాడు, పిసినారి అన్నా, పిచ్చోడన్నా నవ్వేస్తాడు. బండిని మాత్రం ఒక్క మాట అనకూడదు. లారీ డ్రైవరు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి నవ్వాడు. ఈయన ఆ నవ్వుకు బదులుగా నవ్వాడు, నవ్వాడు గానీ ఆయన మొహం లారీ డ్రైవరు వైపు లేదు, కొంచెం పక్కగా మల్లెపూల సైకిలు వైపు ఉంది. పిల్లమ్మ గమనించింది. జనానికి అది తెలియదు. పెద్దాయన పూలవైపు చూసి నవ్వుతున్నాడనుకున్నారు.

ఆ చూపే. కోడి గింజను చూసినట్టు మెడ వాల్చి పక్కనుంచి చూసే చూపు. ఎప్పుడు మొదలైంది? దసరాకు లేదు. దసరాకు ఉందేమో, తాను గమనించలేదేమో. ముందు పోయింది పేపరు. కాఫీ చల్లారినా లెక్క చేయక పేపరు చదివే మనిషి, "ఏముండాది దాంట్లో, రోజూ అదే గలాట" అని మడిచి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. పోనీలే, రిటైరైనాడు, లోకం మీద విరక్తి కలిగింది అనుకుంది. తర్వాత ముగ్గు. గడప ముందు తాను వేసే ముగ్గును ఇన్నేళ్ళలో ఒక్కరోజు తొక్కింది లేదు ఆయన, ఫస్టు షిఫ్టుకు చీకట్లో పరిగెత్తేటప్పుడు కూడా కాలు ఎడంగా వేసి దాటేవాడు. అట్లాంటిది మాఘమాసంలో ఒకనాడు తడి ముగ్గులో నట్టనడుమ కాలు పెట్టి నడిచిపోయాడు. తెల్లటి అడుగులు సందు చివరిదాకా. పిల్లమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రం మాట్లాడలేదు. మర్నాడు మళ్ళీ తొక్కాడు. మూడోనాడు ఆమె కోపం దానంతటదే ఆగిపోయింది, ఆగిపోయి ఆ చోట ఏదో చల్లగా కూర్చుంది. ఆనాటి నుంచి గడప ముందు ముగ్గు వేయడం మానేసి, గోడవారగా వేస్తోంది. ఆయన అడగలేదు, ముగ్గు ఎందుకు పక్కకు జరిపినావని. అడగలేదంటే కనిపించలేదనా? లేక ఎందుకు జరిపిందో తెలిసిపోయి అడగలేదా? ఇదే, ఇక్కడే ఆమె ఆలోచన ప్రతిసారీ చిక్కుపడుతుంది. ఆయనకు తెలుసని తనకు తెలుసు. తనకు తెలుసని ఆయనకు తెలుసా?

రాచెల్ చెప్పింది. చెప్పిందంటే కావాలని చెప్పలేదు పాపం. వఠారంలో చివరి వాటా ఆమెది, గుంటూరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి, కంటి ఆస్పత్రిలో నర్సు. కొళాయి దగ్గర బిందె పెట్టి, "పిన్నిగారూ, బాబాయిగారు మందులు సరిగ్గా వేసుకుంటున్నారాండీ? మొన్న కూడా పెద్ద డాక్టరుగారి గది ముందు కనిపించారు" అంది. బిందె నిండి పొర్లిపోతోంది. "ఆ, వేసుకుంటా ఉండారు" అని అబద్ధమాడింది పిల్లమ్మ, ఏ మందో, ఏ డాక్టరో తెలియకుండానే. రాచెల్ తలెత్తి చూసి, తాను అనకూడని మాట అనేశానని గ్రహించి, చెయ్యి పట్టుకొంది. "నడుమ భాగం పోతుందండీ. పక్కలు ఉంటాయి. పూర్తిగా చీకటి కాదు, భయపడకండి" అంది. నడుమ భాగం అంటే? ఎదురుగా ఉన్న మనిషి మొహం కనబడదు గానీ ఆ మనిషి పక్కనున్న గోడ కనిపిస్తుందంట. ఇదేం జబ్బమ్మా, కావలసింది తీసేసి అక్కరలేనిది ఉంచే జబ్బు. ఆ రోజు రాత్రి అన్నం వడ్డిస్తూ ఆమె ఆయన ఎదురుగా కూర్చుంది. ఆయన ఆమె వైపే చూస్తూ పప్పు బాగుందన్నాడు. తన మొహం ఉన్న చోట ఆయనకు ఏమి కనిపిస్తోందో అనుకుంటూ ఆమె గరిటె గిన్నెలోనే వదిలేసింది.

అది ఉగాదికి ముందు. సైటు అమ్మింది ఉగాది తర్వాత. అదీ అసలు ముడి. ఈ గేటు దాటి ఎడమకు తిరిగితే, తమ్ముడి తోటకు ఇవతల, మూల సైటు ఒకటి ఉండేది, పిల్లమ్మ పేరు మీద. తూర్పు వాకిలి పెట్టాలని, వంటింటి కిటికీలోంచి రైళ్ళు కనిపించాలని, కొళాయి తనకొక్కదానికే ఉండాలని ఎన్ని రాత్రులు అనుకుందో. అదంతా మద్రాసు రేవులో సుంకంగా పోయింది. బండి వెల కంటే సుంకం ఎక్కువ, ఇది ఎవరికి చెప్పినా నమ్మరు. ఆయన ఫ్యాక్టరీ వాళ్ళు ఇంగ్లండులోని కావెంట్రీకి శిక్షణకు పంపినప్పుడు, ఓవరుటైం చేసి ఒక ముసలి దొర దగ్గర కొన్న పాత బండి అది. తిరిగొచ్చేటప్పుడు సుంకానికి చేతిలో లేక, ఆ దొర షెడ్డులోనే వదిలేసి ఫోటో ఒకటి తెచ్చుకున్నాడు. ఆ ఫోటో దేవుడి పటాల వరుసలో చివర ఉండేది. పూజ చేసేటప్పుడు తాను దానికి కూడా కుంకుమ పెట్టేసిన రోజులున్నాయి. ఒకసారి అడిగింది, ఫోటోలో ఆ రెండో సీటు ఖాళీగా ఉంది చూడు, దాంట్లో ఎవరు కూర్చునేవాళ్ళని. "కూరగాయల సంచి" అన్నాడు. సంచేనా అని నెల రోజులు పోట్లాడింది, ఆ రోజుల్లో పోట్లాడే ఓపిక ఉండేది. ఆ దొర చనిపోయాక కొడుకు రాశాడు, మీ బండి తీసుకుపోండి, షెడ్డు పడగొడుతున్నామని. అప్పటి నుంచి అనుమతి కోసం ఢిల్లీ చుట్టూ తిరగడం. బయటి దేశం బండి తెచ్చుకోవడమంటే పిల్లను తెచ్చుకోవడం కంటే కష్టం. నీదేనని రుజువు చూపించు, నువ్వే నడిపినావని చూపించు, ఐదేళ్ళు అమ్మనని పూచీ రాసివ్వు. చూపించాడు, రాసిచ్చాడు. రేవులో అధికారి ఒకాయన బండి ఖరీదు కట్టడానికి వచ్చి, ఎవరూ చూడడం లేదనుకొని సీట్లో కూర్చొని, నోటితో బుర్రుమని శబ్దం చేయడం పిల్లమ్మ కళ్ళారా చూసింది. ఉప్పుగాలికి అడుగున తుప్పు, సీటు కింద ఎలుక గూడు. ఆయన ఆ ఎలుక గూటిని కూడా పువ్వును తీసినట్టు తీశాడు.

అయినా ఇదంతా బయటి లెక్క. లోపలి లెక్క వేరే. సైటు పత్రం మీద సంతకం పెట్టేముందు ఆయన అడిగాడు, "నీకు ఇష్టమేనా?" అని. "మీ ఇష్టం" అంది. ఆ మాట చాలా సులువైన మాట, ఆడవాళ్ళకు నాలుక మీదే ఉంటుంది, దాని కింద ఏముందో వాళ్ళకే తెలియదు. కళ్ళు పోతున్నాయని తెలిసి ఆయన బండి తెప్పిస్తున్నాడు. తెప్పిస్తే నడపలేడు. నడపలేక అమ్ముదామన్నా ఐదేళ్ళు అమ్మకూడదు. ఇవన్నీ తెలిసిన మనిషి, లెక్క తప్పని మనిషి, ఫ్యాక్టరీలో వెంట్రుకలో పదో వంతు తేడా వచ్చినా పట్టుకున్న మనిషి, ఎందుకు తెప్పించాడు? ఆయనకు పిచ్చి అనుకుందామంటే, ఇవే అన్నీ తెలిసి తాను ఎందుకు సంతకం పెట్టింది? చెప్పొచ్చు కదా, రాచెల్ చెప్పింది అని. ఒక్క మాట. ఆ మాట నోట్లో పెట్టుకొని సంతకం చేసింది. జాలా అది? ప్రేమా? ఆయన చెప్పలేదు కాబట్టి నేనూ చెప్పనన్న పంతమా? ఎన్నిసార్లు తవ్వినా అడుగు దొరకలేదు. ఒకసారి కోపం దొరుకుతుంది, ఇంకోసారి తవ్వితే ఏడుపు దొరుకుతుంది, మూడోసారి ఏమీ దొరకదు.

ఎండ ఎక్కుతోంది. గూడ్సు బండి ఒకసారి గొలుసులు గలగలమనిపించి మళ్ళీ ఊరుకుంది. జామకాయలావిడ వచ్చి, బండి తలుపు మీద గంప ఆనించి, "కొనమ్మా, ఉప్పుకారం వేసిస్తా" అంది. కొంది. సగం కోసిన ముక్క ఆయన చేతి దగ్గర పెట్టింది. ఆయన చెయ్యి ఒక్క క్షణం గాలిలో వెతికింది. ఆమె తన చెయ్యి జరిపి ముక్కను ఆ చేతికి అందేట్టు చేసింది. ఎంత అలవాటైపోయింది ఈ పని! కాఫీ గ్లాసు ఆయన వేళ్ళు వచ్చే చోట పెట్టడం, చెప్పులు కాళ్ళ కింద పెట్టడం, ఎదురొచ్చే మనిషి పేరు ముందే "ఏం నరసయ్యన్నా, బాగుండారా" అని గట్టిగా పలకరించి ఆయన చెవిన వేయడం. ఇదొక నాటకం. ఇద్దరూ ఆడుతున్నారు. ఎవరి కోసమో తెలియదు.

పొద్దున గుడి దగ్గర నాటకం తెర చిరిగేదే. పూజారి మంత్రాలు చదివి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. చక్రాలు వాటిని నలిపితే దిష్టి పోతుంది, బండికి గండాలుండవు. "ఎక్కించండి సార్" అన్నాడు. అన్నవాడు పక్కకు పోకుండా, కర్పూరం ఆరిపోయిందని మళ్ళీ వెలిగించడానికి బండి ముందుకు వంగాడు. ఈయన ఎదురుగా చూస్తూ గేరు వేశాడు. పూజారి వెల్లకిలా పడ్డంత పని చేసి, హారతి పళ్ళెం ఎగరేసి, ఒక్క గెంతు గెంతాడు. నిమ్మకాయలు నలిగాయి. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. "ఇంగ్లీషు గుర్రం స్వామీ, కళ్ళెం లేదు!" అన్నారెవరో. ఈయన కూడా నవ్వాడు, అందరికంటే గట్టిగా. పిల్లమ్మ నవ్వలేదు. పూజారి అంత దగ్గరలో, అంత తెల్లటి పంచెతో, నట్టనడుమ ఉన్నాడు. నడుమ ఉన్నాడు కాబట్టే. అప్పుడే దిగిపోవాల్సింది. ఇంటికి పోదామనాల్సింది. అనలేదు. ఆయన తలుపు తెరిచి, "కూర్చో" అన్నాడు. ఆ సీటు మీద కొత్త తువాలు పరిచి ఉంది. ఎప్పుడు పరిచాడో. ఆమె తువాలు మీద కూర్చుంది.

కూర్చుంది. అంతే కాదు, అక్కడే ఆమె తనను తాను అసలు అర్థం చేసుకోలేకపోతోంది. ఆదివారం పొద్దు, ఖాళీ రోడ్లు. బండి అల్సూరు దాటాక ఇంజను గొంతు మారింది. ఆయన ఒళ్ళంతా ఆ గొంతు విని కదులుతోంది, చేతులకూ కాళ్ళకూ కళ్ళతో పనే లేనట్టు. గాలి. అబ్బ, ఆ గాలి! కొప్పు విడిపోయింది, కొంగు జారి వెనక జెండా అయింది, పళ్ళు బయటపెట్టి నవ్వింది పిల్లమ్మ, మనవరాలున్న ఆడది, నడిరోడ్డు మీద. భయం లేదా? ఉంది. "ఇదో, ఎద్దులబండి" అంటూనే ఉంది. "కనిపిస్తా ఉండాది లే" అంటూనే ఉన్నాడు ఆయన. పాల సైకిలాయన ఒకడు తప్పించుకొని మట్టిలో దిగి తిట్టాడు, ఆ తిట్టు గాలికి వెనక్కి ఎగిరిపోయింది. భయంతో చెయ్యి తలుపును వదలడం లేదు, పైన నవ్వొస్తూనే ఉంది. రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఉంటాయి? తన సైటు, తన తూర్పు వాకిలి, తన కొళాయి అన్నీ కరిగి ఆ గాలిగా వచ్చి మొహాన కొడుతున్నాయి, బాగుంది, ఛీ, బాగుంది అని ఎట్లా ఒప్పుకోవడం? ఒప్పుకుంటే ఇంకేమి అడగగలదు ఆయన్ను? గేటు రాకపోయి ఉంటే అట్లాగే నవ్వుతూ పోయేదే. గేటు వచ్చింది. నట్టనడుమ వచ్చింది.

ఒక్కసారిగా గూడ్సు కదిలింది. గొలుసులు ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకున్న చప్పుడు ఆ చివరి నుంచి ఈ చివరికి పాకింది. బొగ్గు పెట్టెలు ఒకటొకటే జరిగిపోతుంటే పట్టాల అవతల హూడి కనిపించసాగింది, పెంకుటిళ్ళు, ద్రాక్ష పందిళ్ళు, గేటుకు అటువైపు ఎదురుచూస్తున్న గొర్రెల మంద, గొర్రెల ముందు సంకలో చంటిబిడ్డతో ఒక ఆడమనిషి, ఇద్దరు ముసలివాళ్ళు, సైకిళ్ళు. రోడ్డు నిండా. అందరూ రోడ్డు నడుమే నిలబడ్డారు. వెనక లారీ ఇంజను మొదలైంది, బస్సు మొదలైంది. చివరి పెట్టె పోయింది. గేటాయన బీడీ పారేసి చక్రం తిప్పాడు. ఎరుపు తెలుపు కర్ర మెల్లగా, బంతిపూల దండ అంచును తాకి, పైకి లేచింది. పిల్లమ్మ కళ్ళెత్తి దాన్నే చూసింది. పక్కన ఆయన కదలలేదు. స్టీరింగు మీద చేతులు అట్లాగే ఉన్నాయి. రైలు చప్పుడు దూరమైపోయింది. వెనక హారన్లు. ఆయన గొంతు చాలా మామూలుగా, ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగాడు.

"గేటు ఎత్తినారా?"

ఇన్ని నెలల నాటకం ఆ ఒక్క ప్రశ్నతో ఆయనే ముగించాడు. ఎత్తలేదంటే? ఇంకో రైలు ఉందంటే? ఎన్ని రైళ్ళు తేగలదు తాను? అటువైపు చంటిబిడ్డ తల్లి గొర్రెలకంటే ముందే పట్టాల మీదికి వచ్చేస్తోంది.

"ఎత్తినారు" అంది. "ఎదురుగా మంది ఉండారు. ఒక బిడ్డతల్లి ఉండాది. మీకు కనపడేది లేదు కదా?"

"లేదు" అన్నాడు. తర్వాత, "నీకెప్పుడు తెలిసినాది?" అన్నాడు.

"ముగ్గు తొక్కినప్పుడు."

ఆయన తలూపాడు. "ముగ్గు పక్కకు జరిపితివి. అప్పుడే అనుకుంటి, నీకు తెలిసింటాదని. నువ్వే అడుగుతావని ఉంటి."

"మీరే చెప్తారని నేనుంటి."

హారన్లు మోగుతున్నాయి. బస్సులోంచి ఎవరో కన్నడంలో కేక వేశారు. అడగాల్సింది ఇప్పుడే అడగాలని, ఇంక ఎప్పుడూ అడగలేనని పిల్లమ్మకు తోచింది. "తెలిసి తెలిసి ఏమిటికి తెప్పిస్తిరి ఈ బండిని? ఏం చేసుకునేకి?"

ఆయన ఎదురుగానే చూస్తున్నాడు, ఆ లేచిన కర్ర ఉన్న చోటికి, ఏమీ లేని చోటికి. "ఇంట్లో నువ్వు ఎదురుగా వస్తావు. అన్నం పెట్టేటప్పుడు, కాఫీ ఇచ్చేటప్పుడు. ఎదురుగా వస్తే నీ మొహం ఉండేది లేదు. పోతాది. మొదట్లో నాకు బలే భయమైపోయె. మద్రాసులో బండి చూసేకి పోయినప్పుడు నువ్వొచ్చి ఈ సీట్లో కూర్చుంటివి, ఎలుకలు ఉండాయని అరిస్తివి చూడు, అప్పుడు నేను ముందుకు చూస్తా ఉంటి. నువ్వు పక్కన కనపడితివి. ముక్కుపుడకతో సహా. మసకే, అయినా నువ్వే. ఈడ పక్కన కూర్చుంటే నువ్వు కనపడతావే. అంతవరకూ ఫోటోలోని బండి కోసమే అని తెస్తా ఉంటి. ఆ పొద్దు నుంచి ఇందుకే అనుకుంటి. చెప్పేకి సిగ్గయె."

పక్కన కూర్చోవడానికి గోడవారగా చాప చాలదా, మనిషీ అనాలనిపించింది పిల్లమ్మకు. కానీ చాప మీద వాళ్ళిద్దరూ పక్కపక్కన ఎప్పుడు కూర్చున్నారు? పీటల మీద, పెళ్ళిలో. తర్వాత ఆమె నిలబడి వడ్డించింది, ఆయన కూర్చొని తిన్నాడు. ఆమెకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

లారీ డ్రైవరు దిగి వచ్చేశాడు. "ఏం సార్, గేటు ఎత్తి ఎంతసేపాయె! పోనీండి!"

ఆయన చెయ్యి తాళం చెవి మీదికి పోయింది. తిప్పుతాడా? ఒక్క తిప్పుకు స్టార్ట్ అవుతుంది, ఆ సంగతి ఇక్కడ అందరికీ చెప్పాడు కూడా. ఆ వేళ్ళు చెవిని తడిమి, పట్టుకొని, తిప్పలేదు. బయటికి లాగి, ఎడమ చేత్తో పక్కకు చాచి, ఆమె అరచేతిలో పెట్టి, ఆ చేతిని మూసేశాడు. తర్వాత డ్రైవరు వైపు, డ్రైవరుకు జానెడు పక్కగా, మొహం తిప్పాడు.

"స్టార్ట్ అయ్యేది లేదప్పా" అన్నాడు నరసింహప్ప. "పాత ఇంజను కదా. దోషం ఉన్నట్టుండాది. రవ్వంత తొయ్యండి, ఆ తోట దాకా."

"నేను అప్పుడే అంటిని కదా సార్!" అని లారీ డ్రైవరు గెలిచినట్టు నవ్వి, బస్సు వాళ్ళను కేకేశాడు. నలుగురైదుగురు దిగొచ్చారు. మల్లెపూల సైకిలాయన సైకిలు స్టాండు వేసి వచ్చాడు. గొర్రెలను పక్కకు తోలారు, చంటిబిడ్డ తల్లి ఒక పక్కగా నిలబడి నోరు తెరుచుకొని చూసింది. "ఇంగ్లీషు బండికి మన తోపుడే గతి!" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. బండిని ఒక్క మాట అననివ్వని మనిషి ఆ మాటను మింగి, "అవునప్పా, అవును" అన్నాడు. ఆయన దవడ బిగుసుకోవడం, వదులవడం పిల్లమ్మ చూసింది. ఆయన కోసం ఇంతగా గుండె కోసుకుపోయిన క్షణం ఆమెకు ఇంకొకటి గుర్తులేదు.

బండి కదిలింది. చప్పుడు లేకుండా, ఊరేగింపు వాహనంలా, మనుషుల చేతుల మీద. "కుడికి కొంచెం" అంది ఆమె. ఆయన కుడికి తిప్పాడు. "ఇప్పుడు పట్టాలు. ఎగురుతాది." ఎగిరింది. "ఇంక ఎడమకు." మూల సైటు వచ్చింది. ఎవరో పునాది తవ్వుతున్నారు, తూర్పు వైపే వాకిలి పెట్టేటట్టున్నారు. ఆమె దాని వైపు చూసి, ఇంకా బాధగానే ఉందని ఒప్పుకొని, చూపు తిప్పుకుంది.

"రేపు నందికి పోయేది లేదు" అన్నాడు ఆయన మెల్లగా.

"లేదు. రామాంజి తోటలో షెడ్డు ఉండాది. ఆడ పెడదాం. ఆదివారం ఆదివారం బస్సుకు వచ్చి, దీంట్లో కూర్చుందాం."

"నడపకుండా?"

"నడపకుండా. ఐదేండ్లు అమ్మేకి లేదు కదా, ఐదేండ్లూ కూర్చుందాం."

తోసేవాళ్ళు ఆయాసపడుతూ పాట లాగా ఏదో అరుస్తున్నారు. తమ్ముడు రామాంజినప్ప తోట గేటు దగ్గర నిలబడి, బండిని మనుషులు తోసుకు రావడం చూసి, తలపట్టుకొని ఎదురొస్తున్నాడు. తాళం చెవి ఆమె పిడికిట్లో వెచ్చగా ఉంది. కొంగుతో కళ్ళు తుడుచుకోబోయింది.

"తుడుచుకోవద్దు, ఉండనీ" అన్నాడు నరసింహప్ప, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండానే. "కనపడతా ఉండాది."